1930 నాటి విమానంలో నర్సుల సేవ: బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్, శాన్‌ఫ్రాన్సిస్కో – షికాగో

సేవకు ఐదుకి నాలుగున్నర, విమానానికి రెండు. రెండూ కలిపి మార్కులేస్తే, ప్రయాణికుల్ని చూసుకోడానికి కంపెనీ విమానాల్లో పెట్టుకున్న ఆ ఎనిమిది మంది నర్సులకు అన్యాయం జరుగుతుంది.

బోయింగ్ 80ఎకి రెండు జతల రెక్కలు, మూడు ఇంజన్లు. తోలు సీట్లు, చదువుకోడానికి దీపాలు, కుళాయిలో వేడినీళ్లు. వినడానికి అన్నీ బాగానే ఉంటాయి. క్యాబిన్‌లో గాలి పీడనం నిలబెట్టే ఏర్పాటు మాత్రం లేదు. అందుకే వాతావరణం బాగాలేకపోతే దాని పైనుంచి దాటిపోయే వీల్లేదు, కుదుపుల్లోనే పోవాలి. 13 చోట్ల దిగుతూ 20 గంటల ప్రయాణం. వాంతులు మామూలే.

ఇక్కడే ఎలెన్ చర్చ్ తెలివి కనిపిస్తుంది. ఆవిడ నర్సు, విమానం నడపడమూ నేర్చుకుంది. పైలట్‌గా ఎలాగూ తీసుకోరని తేలాక, నర్సుల్ని పెట్టుకుంటే ప్రయాణికుల భయం తగ్గుతుందని కంపెనీ మేనేజర్ స్టీవ్ స్టింప్సన్‌ని ఒప్పించింది. మూడు నెలలు చూద్దామన్నారు. 1930 మే 15న మొదటి సర్వీసు ఎగిరింది.

పేరుకే నర్సు, పని అన్నిటికీ. సీట్లు నేలకి వదులుగా ఉంటే స్క్రూలు బిగించాలి, సామాను మోయాలి, ఇంధనం నింపడంలో చెయ్యి వెయ్యాలి, అవసరమైతే విమానాన్ని షెడ్డులోకి నెట్టాలి. గాల్లో ఉండగా బాత్రూమ్ అనుకుని బయటి తలుపు తెరవబోయేవాళ్లని ఆపాలి. వెలిగించిన సిగరెట్ కిటికీలోంచి పారేయకుండా చూడాలి. చేతిలో రైళ్ల టైంటేబుల్ ఉండాల్సిందే, ఎందుకంటే వాతావరణం చెడితే ప్రయాణికుల్ని దగ్గరి స్టేషన్‌కి పంపాలి. ఈ ఒక్క జాగ్రత్తకే అర మార్కు ఎక్కువేశాం.

భోజనం చికెన్, పండ్ల సలాడ్, బన్ను. వంట కిందే అయిపోతుంది, కాఫీ ఫ్లాస్కులోంచి. కుదుపుల్లో ఇంతకంటే ఆశించడం అత్యాశే.

సియాటెల్‌లో ఉండే తెలుగువాళ్లు మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌కి వెళ్తే ఈ రకంలో మిగిలిన ఒకే ఒక్క విమానాన్ని చూడొచ్చు.

మార్కులు తగ్గించాల్సింది కంపెనీ షరతులకి. వయసు 25 దాటకూడదు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 115 పౌండ్లు మించకూడదు, పెళ్లి కాకూడదు. ఇరుకు క్యాబిన్, మోయగలిగే బరువు తక్కువ, కాబట్టి ఎత్తూ బరువూ అర్థం చేసుకోవచ్చు. పెళ్లితో పనేమిటి? జీతం నెలకి 100 గంటల ప్రయాణానికి 125 డాలర్లు. నర్సు చదువు ఉండాలన్న షరతు రెండో ప్రపంచయుద్ధంలో నర్సులు సైన్యానికి కావలసివచ్చి పోయింది. పెళ్లి షరతు మాత్రం అమెరికా ఎయిర్‌లైన్లలో 1960ల దాకా నడిచింది.