టిన్ను మూత కోసే కట్టర్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

ఈ వస్తువులు నా దగ్గర రెండున్నాయి. మొదటిది ఊరికే వచ్చింది కాబట్టి దాని మీద కోపం లేదు. రెండోది నా డబ్బుతో కొన్నాను. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు.

నిరుడు సంక్రాంతికి మా బావమరిది న్యూజెర్సీ నుంచి వచ్చాడు. చాక్లెట్లు, బాదంపప్పు, సెంటు సీసాల మధ్య నుంచి ఒక చిన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టి, "బావా, ఇది ఉంటే నువ్విక గ్లాసు ముట్టుకోవు" అన్నాడు. విప్పి చూస్తే అరచేతిలో పట్టేంత గుండ్రటి ప్లాస్టిక్ వస్తువు. రెండు పక్కలా నొక్కే పిడులు, లోపలివైపు చిన్న చిన్న బ్లేడులు. కూల్‌డ్రింకో బీరో, టిన్ను మీద దీన్ని టోపీలా పెట్టి, పిడులు గట్టిగా నొక్కి, అటూ ఇటూ తిప్పితే మూత మొత్తం ఊడి వచ్చేస్తుంది. టిన్నే గ్లాసు అయిపోతుంది. అందులో నిమ్మచెక్క వేసుకోవచ్చు, పుదీనా వేసుకోవచ్చు, ఐసుముక్క వేసుకోవచ్చు. తాగేటప్పుడు ముక్కు కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి వాసన అందుతుంది, వాసన అందితేనే రుచి తెలుస్తుందని పెట్టె మీద రాశారు. ఆ మాటలో తప్పేమీ లేదు. జలుబు చేసినప్పుడు పులుసన్నం తిన్నవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

ఆ సాయంత్రం మేడ మీద కూర్చుని వాడే స్వయంగా చేసి చూపించాడు. నాలుగు తిప్పులకే మూత నాణెంలా చేతిలోకి వచ్చేసింది. అంచు మీద వేలు పెట్టి రుద్దినా గీరుకోలేదు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా అమ్మ మాత్రం మిరపకాయ బజ్జీ తింటూ, "అదేదో గ్లాసులో పోసుకు తాగితే ఏం పోయిందిరా?" అంది. ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

వాడు విమానం ఎక్కాక అసలు సంగతి మొదలైంది. నేను సొంతంగా చేసిన మొదటి పది టిన్నుల్లో శుభ్రంగా ఊడినవి నాలుగు. మూడింటికి మూత సగం తెగి, మిగతా సగం అంచుకు వేలాడింది. రెండింటికి మూత కాస్తా లోపలికి పడిపోయింది. ఒకటి నా చొక్కా మీదికి చిమ్మింది.

లోపలికి పడటం అంటే చిన్న విషయం అనుకోకండి. టిన్ను మూత పైభాగం ఎక్కడెక్కడ తిరిగి వస్తుందో ఒకసారి ఆలోచించండి. గోడౌనులో దుమ్ము, లారీలో దుమ్ము, కొట్లో ఐసుపెట్టె నీళ్లు. మామూలుగా అయితే చొక్కా అంచుతో తుడిచేసి తాగేస్తాం, తుడవని భాగం బయటే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. ఇక్కడ మొత్తం మూత, దాని మీద ఉన్నదంతా కలుపుకుని, డ్రింకులో మునిగిపోతుంది. దాన్ని పైకి తీయాలంటే వేళ్లు లోపల పెట్టాలి. ఆ వేళ్లకు తగిలేది అప్పుడే తెగిన రేకు అంచు.

పట్టు కుదరలేదేమో, నాదే తప్పేమో అని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత టిన్ను ఎలా తయారవుతుందో కాస్త చదివాను. చదివాక ఈ వస్తువు పని ఎంత కష్టమో అర్థమైంది. టిన్ను గోడా మూతా అల్యూమినియమే అయినా రెండూ ఒకే రకం కాదు. గోడ పల్చగా సాగాలి కాబట్టి దాని మిశ్రమం వేరు. మూత మాత్రం మెగ్నీషియం ఎక్కువ కలిపిన గట్టి మిశ్రమం, గోడ కంటే మందం కూడా. గోడనూ మూతనూ కలిపే అంచు దగ్గర రేకును మడతపెట్టి నొక్కేస్తారు, అక్కడ ఐదు పొరలుంటాయి. ఆ మడత లోపలివైపు, మూత కిందికి దిగే సన్నటి గాడిలో ఈ కట్టర్ బ్లేడులు కూర్చోవాలి. వెంట్రుకవాసి పైకి జరిగితే ఐదు పొరల మడతను గీకుతుంది. కిందికి జరిగితే మూత వంగుతుంది తప్ప తెగదు. అరచేత్తో నొక్కుతూ తిప్పే ప్లాస్టిక్ పిడి నుంచి అంత కచ్చితత్వం ప్రతిసారీ రావాలంటే ఎలా?

పైగా గ్యాసు. ఎండాకాలంలో ఫ్రిజ్ బయట ఉన్న సోడా టిన్ను లోపలి ఒత్తిడి మామూలు కారు టైరులో ఉండే గాలి కంటే ఎక్కువే. రింగు లాగినప్పుడు అదంతా చిన్న కంతలోంచి "చుస్" మని పోతుంది. ఈ కట్టర్‌తో అయితే ఎక్కడ మొదట తెగితే అక్కడ నుంచి, అంటే మన వేళ్ల పక్కనుంచే పోతుంది. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు, ఏప్రిల్‌లో వంటగది గట్టు మీద పెట్టిన సామానంతా కాలుతూ ఉంటుంది. అక్కడ అరగంట పెట్టిన టిన్ను మీద ప్రయోగం చేశాను. ఆ రోజు గోడకు పట్టిన మరక మీద ఇప్పుడు క్యాలెండర్ వేలాడుతోంది.

ఈ రింగు కథ కూడా సరదాగా ఉంటుంది. 1959లో అమెరికాలో ఎర్మల్ ఫ్రేజ్ అనే ఆయన పిక్నిక్‌కు వెళ్లి ఓపెనర్ మర్చిపోయి, కారు బంపరుకు కొట్టి టిన్నులు తెరవాల్సి వచ్చిందట. ఆ చిరాకులోంచే లాగితే ఊడే రింగు పుట్టింది, 1960లలో పేటెంటు వచ్చింది. ఊడిన రింగుల్ని జనం ఎక్కడ పడితే అక్కడ పారేసి కాళ్లు కోసుకోవడంతో, 1975లో ఊడకుండా టిన్నుకే అంటుకుని ఉండే రింగు వచ్చింది. ఇవాళ మనం లాగేది అదే. అంటే రేకు ముక్క విడిగా రాకూడదని ఏళ్ల తరబడి తంటాలు పడి సాధించారు. నేను ఇంట్లో కూర్చుని ఆ ముక్కను, అంతకంటే పెద్దదాన్ని, మళ్లీ విడిగా తీస్తున్నాను.

ఇక రెండోది. మొదటిదాని బ్లేడులు ఐదో నెలకు మొద్దుబారాయి. తప్పు కొంత నాదే. ఎవరో తెచ్చిన కోల్డ్ కాఫీ టిన్ను మీద పెట్టాను, అది అల్యూమినియం కాదు, ఉక్కు రేకు. అయస్కాంతం ఆనిస్తే అంటుకునేది ఉక్కు, అంటుకోనిది అల్యూమినియం అని ముందే తెలిసుంటే బాగుండేది. పెట్టెలోని కాగితంలో ఎక్కడో మూల చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. బ్లేడులు విడిగా అమ్మరు. ఆ కంపెనీకి మెయిల్ పెడితే "సరైన పద్ధతిలో వాడండి" అంటూ ఒక వీడియో పంపారు. అందులో ఒకాయన నవ్వుతూ నాలుగు తిప్పులకే మూత తీసేస్తాడు, అచ్చం మా బావమరిదిలాగే.

అప్పుడు ఆన్‌లైన్‌లో అచ్చం అలాంటిదే మూడొందల తొంభై తొమ్మిదికి కనిపిస్తే కొన్నాను. ఇది మరీ అన్యాయం. పిడులు నొక్కితే ప్లాస్టిక్ వంగుతుంది, బ్లేడు దగ్గరికి బలం చేరదు. కోయడం కాదు, నమలడం. మూత అంచంతా ఎలుక కొరికినట్టు పళ్లు పళ్లుగా తయారయ్యేది. ఏడు రోజుల్లో వాపసు ఇవ్వొచ్చన్నారు కానీ డబ్బులివ్వరట, బదులు ఇంకోటి ఇస్తారట. ఉన్నదే ఎక్కువ, ఇంకోటి ఏం చేసుకోను?

దీన్ని నేను పూర్తిగా మానేసింది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం. మా అమ్మాయికి నిమ్మరుచి సోడా కోసిచ్చాను. రెండు గుక్కలు తాగి, "నాన్నా, ఇందులో వెంట్రుక ఉంది" అంది. తీసి చూస్తే వెంట్రుక కాదు, మెరిసే సన్నటి అల్యూమినియం పీలిక. బ్లేడు గీకినప్పుడు లేచింది. ఇంకా ఉన్నాయేమోనని మిగతాది తెల్లటి గిన్నెలో వంచితే అడుగున ఇంకొకటి కనిపించింది. అంతకుముందు నేను తాగినవాటిలో ఎన్ని ఉన్నాయో! టిన్ను లోపల డ్రింకు రేకుకు తగలకుండా పల్చటి పూత వేస్తారు, కోసిన చోట ఆ పూత కూడా లేచిపోతుంది. ఆ పూట ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

మసాలా సోడా సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు, ఎందుకంటే నేను దీని మీద ఆశ పెట్టుకున్నదే అందుకు. టిన్ను మూత తీసి, నిమ్మరసం పిండి, జీలకర్ర పొడి, నల్లుప్పు వేసుకుని తాగాలని. నిండా ఉన్న సోడాలో ఉప్పు వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. గ్యాసంతా ఉప్పు రవ్వలు పట్టుకుని ఒక్కసారి నురగై పైకి లేస్తుంది. గ్లాసులో అయితే సగమే పోసుకుంటాం, నురగకు చోటుంటుంది. టిన్ను మూతి దాకా నిండి ఉంటుంది. ముందు రెండు గుక్కలు తాగి చోటు చేయాలి, తర్వాత కలపాలి. చెంచా పెడితే కోసిన అంచుకు గీసుకుని పళ్లు జివ్వుమంటాయి. ఇంకో విషయం, టిన్ను లోపల చీకటి. మేడ మీద సాయంత్రం పూట ఈగ పడినా, దోమ పడినా కనిపించదు. గాజు గ్లాసులో ఆ బాధ లేదు.

చిన్నప్పుడు మా ఊళ్లో బస్టాండు పక్కన గోళీసోడా బండి ఉండేది. సీసా మెడలో గోళీ, లోపలి గ్యాసే దాన్ని పైకి నెట్టి రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. 1872లో ఇంగ్లాండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న సీసా అది. బండివాడి దగ్గర చెక్కతో చేసిన మొండి బిరడా ఒకటి ఉండేది. దాన్ని గోళీ మీద పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు. కీచుమని అరిచి గోళీ కిందికి పడేది. రోజుకు ఎన్ని కొట్టినా ఆ చెక్కముక్క మొద్దుబారింది లేదు, ఎవరి వేలూ తెగింది లేదు. దానికి వాడు ఎప్పుడూ వీడియో చూపించలేదు.

ఖాళీ అయ్యాక కూడా దీని బెడద తీరదు. మామూలు టిన్నుల్ని కాలితో తొక్కి, పాత సామాన్లవాడికి కిలో లెక్కన వేస్తాం. మూత కోసిన టిన్నును తొక్కితే అంచు చీలి బయటికి పొడుచుకొస్తుంది. విడిగా ఊడిన మూతలైతే మరీ ప్రమాదం. చెత్త ఆటోలో వచ్చే మనిషి ఒట్టి చేతులతో సంచి విప్పి వేరుచేస్తాడు. ఒకసారి అది చూశాక మూతల్ని పాత పేపర్లో చుట్టి, టేపు వేసి ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక సోడా తాగడానికి ఇంత పనా అని మా ఆవిడ అడిగితే పేపరు చుడుతూనే తలూపాను.

ఇంత చదివాక కూడా కొంటానంటే, పనికొచ్చిన చిట్కాలు ఇవి. టిన్ను బాగా చల్లబడి ఉండాలి, కనీసం రాత్రంతా ఫ్రిజ్‌లో. మూతను నీళ్లతో కడిగి తుడవండి. ముందు రింగు కొంచెం లేపి గ్యాసు వదిలేయండి. పని సింకులో పెట్టుకోండి. గుండ్రంగా ఒకేవైపు తిప్పకుండా సగం చుట్టు అటు, సగం చుట్టు ఇటు తిప్పండి. తెగినట్టు అనిపించాక మూత లోపల పడకుండా టిన్నును కాస్త వంచి తీయండి. ఇంకొకటి, అన్ని టిన్నుల మూతలూ ఒకే సైజు కాదు. ఎక్కువగా కనిపించేది పరిశ్రమలో 202 అనే రకం, అంటే రెండు అంగుళాల మీద పదహారో వంతులు రెండు, దాదాపు 54 మిల్లీమీటర్లు. సన్న టిన్నుల్లో కొన్నింటికి మూత ఇంకా చిన్నది, వాటి మీద ఇది గలగలా ఊగుతుంది తప్ప పట్టదు. ఇవన్నీ పాటిస్తే పదింట ఏడెనిమిది బాగానే వస్తాయి. కాకపోతే రింగు లేపాక టిన్ను ఎలాగూ తెరుచుకున్నట్టే కదా, మరి ఇదెందుకు అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది.

మార్కులు వేయమంటే అమెరికాదానికి ఐదుకు రెండు, అది కూడా ఆ మొదటి సాయంత్రం కోసం. మూడొందల తొంభై తొమ్మిదిదానికి అర, పెట్టె గట్టిగా ఉంది, అందులో ఇప్పుడు స్క్రూలు దాచుకుంటున్నాం.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు, మే నెలలో వస్తున్నాడట. "బావా, ఆ కట్టర్ వాడుతున్నావా? మొద్దుబారుంటే కొత్త మోడల్ వచ్చింది, తేనా?" అన్నాడు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఏమీ తేవొద్దు అన్నాను. మా ఆవిడ పక్కనుంచి, ముందు ఆ అటక మీది డబ్బా దించి దుమ్ము దులపండి, వాడొచ్చేలోగా వాడినట్టు కనిపించాలి అంది.