నిందితుడు దొరక్కపోతే కేసు మూసేయాలా, పక్కన పెట్టాలా, తీర్పు చెప్పేయాలా: ఏది మేలు?

మా పెదనాన్న ఒక హత్యాయత్నం కేసులో సాక్షి. ముద్దాయి బెయిల్ మీద బయటికొచ్చి కొన్ని వాయిదాలకు వచ్చాడు, తర్వాత పత్తా లేడు. సమన్లు అందుకుని పెదనాన్న కోర్టుకు వెళ్తే ‘ఎన్‌బీడబ్ల్యూ పెండింగ్’ (నాన్ బెయిలబుల్ వారెంటు ఇంకా అమలు కాలేదు) అని వాయిదా వేసి పంపేశారు. ఆ సమన్ల కాగితం ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు గానీ, కత్తి ఏ చేతిలో ఉందంటే మాత్రం తడుముకుంటున్నాడు.

చిన్న కేసుల్లో నాకు సందేహమే లేదు, ఆపేయడమే మేలు. రెండేళ్ళకు మించని శిక్షపడే పోలీసు కేసుల్ని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ తనంతట తానే, మిగతా జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లు చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో నిలిపివేయొచ్చని బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 281వ సెక్షన్ చెబుతోంది. చిల్లర గొడవ కోసం కానిస్టేబుల్ వారెంటు పట్టుకుని ఏళ్ళ తరబడి అదే గుమ్మం చుట్టూ తిరగడం ఎవరికి లాభం?

పెద్ద నేరాల్లో అలా మూసేస్తే దెబ్బ తిన్నవాళ్ళకు అన్యాయం. మనవైపు కోర్టుల్లో ఎక్కువగా జరిగేది ఎల్‌పీసీలో పెట్టడం, అంటే లాంగ్ పెండింగ్ రిజిస్టర్లో రాసి పక్కన పెట్టడం. మనిషి దొరికితే మళ్ళీ తెరుస్తారు, సరే, కానీ అప్పటికి సాక్షులెవరు మిగులుతారు?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 356వ సెక్షన్ ఇంకో దారి చూపింది. పదేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ప్రకటిత నేరస్థుడిగా (కోర్టు బహిరంగ ప్రకటన ఇచ్చినా హాజరు కానివాడిగా) తేలినవాడు పరారీలో ఉంటే, అతను లేకుండానే విచారణ జరిపి తీర్పు చెప్పొచ్చు. కోర్టు ఛార్జి ఫ్రేమ్ చేశాక, అంటే అభియోగం ఖరారు చేశాక, 90 రోజులు ఆగాలి, కనీసం 30 రోజుల తేడాతో రెండు వారెంట్లు ఇవ్వాలి, పేపర్లో ప్రకటన వేయాలి, బంధువులకు చెప్పాలి, ఇంటికి నోటీసు అంటించాలి, లాయర్ లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలి. ఇన్ని ఉన్నా నాకు భయమే, ఎందుకంటే తనే వచ్చి కోర్టు ముందు నిలబడితే తప్ప అప్పీలు లేదు, తీర్పు వచ్చి మూడేళ్ళు దాటితే అసలే లేదు. కూలికి ఎక్కడెక్కడికో వలసపోయినవాడికి పాత ఇంటి తలుపు మీద అంటించిన కాగితం చేరుతుందా?

అందుకే పెద్ద కేసుల్లో నా ఓటు అదే చట్టంలోని 335వ సెక్షన్‌కి. ముద్దాయి పరారీలో ఉన్నాడని, దగ్గర్లో దొరికే ఆశ లేదని రుజువైతే సాక్షుల వాంగ్మూలం ఇప్పుడే రికార్డు చేయొచ్చు. తర్వాత సాక్షి చనిపోయినా, చెప్పలేని స్థితిలో ఉన్నా అది పనికొస్తుంది. తీర్పు ఆగుతుంది, సాక్ష్యం మిగులుతుంది. ఎల్‌పీసీలో పెట్టే ముందు ఈ ఒక్క పని చేసి ఉంటే, మా పెదనాన్న మాట ఈపాటికి రికార్డులో భద్రంగా ఉండేది.