ఫైళ్ల ర్యాక్ కొంటున్నారా? లోపలి కొలత తెలుసుకోకుండా డబ్బు కట్టకండి

రెండు రోజులు కూర్చుని నా ఆఫీసు గదిలోని చెత్తంతా తీసేశాను. మిగిలిన ఫైళ్లు తీరుగా పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో ఒక ‘హోమ్ ఆఫీస్ సెట్’ తెప్పించాను. అందులో ఐదు అరల ర్యాక్, ప్లాస్టిక్ కవర్ల ఫోల్డర్, గోడకు అంటించే వైర్ క్లిప్పులు ఉన్నాయి. దయచేసి నాలా తొందరపడకండి.

ఒక్కో అర ఎత్తు 33 సెంటీమీటర్లు అని రాశారు. నా బాక్స్ ఫైళ్ల ఎత్తు 32. సరిపోతాయి కదా అనుకున్నాను. తీరా బిగించాక టేపు పెట్టి చూస్తే లోపల ఉన్నది 31.5 మాత్రమే! చెక్క మందం కూడా కలిపి ఆ 33 చెప్పారన్నమాట. అర సెంటీమీటరు తేడాతో ఒక్క ఫైలూ నిలబడలేదు. అన్నీ పడుకోబెట్టాల్సి వచ్చింది. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ దించాలి.

అంతకంటే పెద్ద మోసం బరువు దగ్గర జరిగింది. ‘25 కిలోలు మోస్తుంది’ అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఒక్కో అర అంత మోస్తుందనుకున్నాను. అది మొత్తం ర్యాక్‌కట. అంటే అరకు 5 కిలోలు. 500 కాగితాల ఏ4 కట్ట ఒక్కటే దాదాపు రెండున్నర కిలోలు ఉంటుంది. రెండు కట్టలు పెడితే అర నిండినట్టే! ఈ మాట పెట్టెలోని కాగితంలో, చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. వారం తిరక్కుండానే మధ్య అర కిందికి వంగిపోయింది.

విప్పి వెనక్కి పంపుదామంటే, బిగించిన వస్తువు వెనక్కి తీసుకోబోమని చెప్పారు. అది పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. ఒకసారి స్క్రూ ఊడదీస్తే రంధ్రం పొడిపొడిగా రాలిపోయి మళ్లీ పట్టు దొరకదు. కాబట్టి పెట్టె తెరవగానే ముందు పలకలు కొలవండి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

క్లిప్పుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఊడేటప్పుడు గోడ రంగు కూడా పెచ్చుగా తీసుకొచ్చాయి.

ఫోల్డర్ సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి. కొన్న వస్తువుల బిల్లులన్నీ భద్రంగా ఉంటాయని ఆ కవర్లలో పెట్టాను. మూడు నెలలకు ప్రింటర్ పాడైంది. వారంటీ కోసం బిల్లు తీస్తే తెల్ల కాగితం కనిపించింది. కౌంటర్ల దగ్గర ఇచ్చే ఆ నున్నటి బిల్లులు థర్మల్ కాగితం మీద, అంటే సిరా లేకుండా వేడితోనే అక్షరాలు పడే కాగితం మీద ముద్రిస్తారు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలు తగిలితే ఆ అక్షరాలు చెరిగిపోతాయి. నాకు నిజంగా కడుపు రగిలిపోయింది, ఎందుకంటే ర్యాక్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఆ బిల్లు ఎక్కడి నుంచి తేను?

ఇలాంటి సెట్ ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు ఉంటే, బిల్లులను ఈ రోజే ఆ కవర్లలోంచి బయటికి తీసి ఫొటోలు తీసుకోండి. కాగితపు కవర్‌లో పెట్టుకుంటే చాలు.