పదకొండో నంబరు కోసం తొంభై నిమిషాలు: జమైకా–జపాన్, 1998 పూర్తి మ్యాచ్ వీడియో

చూసింది: 1998 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, జెర్లాండ్ స్టేడియంలో జమైకా, జపాన్ ఆడిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్. పాత ప్రపంచకప్ మ్యాచ్‌లను కత్తిరించకుండా పెట్టే ఒక ఆన్‌లైన్ సర్వీసులో చూశాను. ఎవరి కోసం: జమైకా తరఫున పదకొండో నంబరు చొక్కాతో ఆడిన మిడ్‌ఫీల్డర్ థియోడర్ విట్‌మోర్ కోసం. మార్కులు: అయిదుకు నాలుగు. పిల్లలకు మిడ్‌ఫీల్డ్ ఆట, అంటే మైదానం మధ్యలో ఉండి డిఫెన్స్‌నూ దాడినీ కలిపే ఆట, నేర్పే పని నాది. మార్కులు కూడా ఆ పని చేసేవాడిగానే వేశాను.

విట్‌మోర్ అనగానే జమైకా వాళ్లకే కాదు, ఆ ప్రపంచకప్ గుర్తున్న ఎవరికైనా రెండు గోల్స్ గుర్తొస్తాయి. 39వ నిమిషంలో ఒకటి, 54వ నిమిషంలో ఇంకోటి. జమైకా 2-1తో గెలిచింది. రెండు నిమిషాల హైలైట్స్ క్లిప్ చూసినవాళ్లు అతన్ని స్ట్రైకర్, అంటే ముందువరసలో ఉండి గోల్స్ కొట్టేవాడు, అనుకున్నా తప్పుపట్టలేం. ఆ క్లిప్పులో గోల్‌కు ముందు నాలుగు సెకన్లే ఉంటాయి మరి. మిడ్‌ఫీల్డర్ పనంతా ఆ నాలుగు సెకన్లకు ముందే అయిపోతుంది. అందుకే మిడ్‌ఫీల్డ్ నేర్చుకునే పిల్లల చేతికి హైలైట్స్ ఇవ్వను.

చూసే ముందు కొంచెం వెనక కథ తెలిస్తే ఆట ఇంకా బాగా అర్థమవుతుంది. 1997 నవంబర్ 16న కింగ్‌స్టన్‌లో మెక్సికోతో 0-0 డ్రా చేసుకుని జమైకా తొలిసారి ప్రపంచకప్‌కు చేరింది. మర్నాడు దేశమంతా సెలవు. కరీబియన్ నుంచి అంతకుముందు 1938లో క్యూబా, 1974లో హైతీ ఆడాయి గానీ, ఇంగ్లిష్ మాట్లాడే దీవుల్లో ప్రపంచకప్ గడప తొక్కిన మొదటి దేశం జమైకాయే. కోచ్ బ్రెజిల్ నుంచి వచ్చిన రెనే సిమోస్. ఫ్రాన్స్‌లో మొదటి మ్యాచ్‌లో క్రొయేషియా 3-1తో, రెండో మ్యాచ్‌లో అర్జెంటీనా 5-0తో ఓడించాయి. జపాన్ కూడా ఆ రెండు జట్ల చేతిలోనే ఒక్కో గోల్ తేడాతో ఓడింది. అంటే లియాన్‌లో దిగేసరికి ఇద్దరికీ ఇంటిదారి ఖాయమైపోయింది. అయిదు గోల్స్ తిని, మళ్లీ అయిదు రోజులకు, ముందుకు వెళ్లే ఆశ లేకుండా ఆడాల్సి రావడం మామూలు విషయం కాదు. అలాంటి రోజున ఆరడుగుల రెండంగుళాల పొడగరి విట్‌మోర్ బంతి దగ్గర ఎంత నింపాదిగా ఉన్నాడో చూడండి. ఈ వీడియోలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

చూసే పద్ధతి కూడా చెబుతాను. కామెంటరీ ఆపేయండి. కామెంటేటర్ బంతి ఎటు పోతే అటు లాక్కెళ్తాడు, మనకు కావలసింది పదకొండో నంబరు. చాలాసేపు జపాన్‌దే ఒత్తిడి. జపాన్ మిడ్‌ఫీల్డర్ నకాటా బంతి అందుకున్నప్పుడల్లా జమైకా వెనక్కి జరుగుతుంది. మొదటి రెండు మ్యాచ్‌లు ఆడిన వారెన్ బారెట్ బదులు ఈసారి గోల్‌లో ఆరన్ లారెన్స్ ఉన్నాడు, అతనికి చేతినిండా పని. అలాంటి ఆటలో మిడ్‌ఫీల్డర్‌కు బంతి దొరికేదే తక్కువ. దొరికినప్పుడు కంగారుపడి తన్నేస్తే అది మళ్లీ జపాన్ కాళ్ల దగ్గరికే. విట్‌మోర్ దాన్ని తన దగ్గర ఉంచుకుంటాడు. పొడుగు కాళ్లు అడ్డం పెట్టి, మనిషిని వీపు మీద మోస్తూ, తోటివాడు పరుగెత్తుకొచ్చేదాకా ఆగుతాడు. ఇదే నేను పిల్లలకు నోటితో చెప్పి చెప్పి అలసిపోయే విషయం. చూపించాక ఎక్కువ చెప్పాల్సిన పని ఉండదు.

మొదటి గోల్‌కు జమైకా ఆటగాడు మార్కస్ గేల్ తలతో బంతిని కిందికి దింపాడు. అక్కడ వీడియో ఆపి, కాస్త వెనక్కి జరిపి, ఆ బంతి గాల్లో ఉండగా విట్‌మోర్ ఎటు కదిలాడో చూడండి. ఇద్దరు పోటీపడి ఎగిరినప్పుడు బంతి ఎక్కడ పడొచ్చో ముందే లెక్కవేసుకుని వెళ్లే అలవాటు మిడ్‌ఫీల్డర్‌కు ఉండాలి. తన్నడం ఆ తర్వాతి సంగతి. రెండో గోల్ చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది గానీ, నేర్పడానికి నాకు మొదటిదే ఎక్కువ పనికొచ్చింది.

74వ నిమిషంలో జపాన్ ఆటగాడు నకయామా గోల్ కొట్టాడు. ప్రపంచకప్‌లో జపాన్‌కు అదే మొట్టమొదటి గోల్. ఆ మ్యాచ్‌లో అతని కాలి ఎముక విరిగింది, అయినా ఆట చివరిదాకా మైదానంలోనే ఉన్నాడు. అతని పట్టుదలకు నమస్కారం. అక్కణ్నుంచి చివరి పావుగంట తప్పక చూడండి, ఒక్క గోల్ ఆధిక్యం కాపాడుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది. 1938లో క్యూబా రుమేనియాను ఓడించాక, 2022 ప్రపంచకప్ ముగిసేదాకా లెక్కేసినా, కరీబియన్ దేశం గెలిచిన ప్రపంచకప్ మ్యాచ్ ఇదొక్కటే. ఆఖరి విజిల్ అయ్యాక వెంటనే వీడియో కట్టేయకండి.

ఇక లోపాలు. పాత టీవీ చిత్రం, తెరకు రెండువైపులా నల్లటి పట్టీలు, పెద్ద తెర మీద గడ్డి అంతా అలుక్కుపోయినట్టుంటుంది. దాన్ని నేను పట్టించుకోను. అసలు ఇబ్బంది, కెమెరా బంతినే అంటిపెట్టుకుంటుంది, కాబట్టి బంతి లేనప్పుడు పదకొండో నంబరు ఎక్కడున్నాడో చాలాసార్లు మనమే ఊహించుకోవాలి. దాన్ని రికార్డింగ్ తప్పనలేం, ఆ రోజుల ప్రసారాలే అంత. సర్వీసు వాళ్లు చేయగలిగి చేయనిది ఒకటుంది. ఆటగాడి పేరుతో వెతికితే మ్యాచ్‌లు దొరకవు, దేశం పేరుతోనో సంవత్సరంతోనో తవ్వుకోవాలి. ఆ ఒక్క మార్కు దానికే కోశాను.

ఇంకో బాధ ఉంది, దానికి మార్కులు కొయ్యడం న్యాయం కాదు. విట్‌మోర్ ఆట ఎక్కువ భాగం ఈ ఆర్కైవ్‌కు అందని చోట్ల జరిగింది. మాంటెగో బేలో పుట్టి సెబా యునైటెడ్‌లో ఎదిగినవాడు, 1999లో జమైకా జట్టులోని తోటి ఆటగాడు ఇయన్ గుడిసన్‌తో పాటు ఇంగ్లండ్‌లోని హల్ సిటీకి వెళ్లాడు. హల్ అప్పుడు ఇంగ్లండ్ లీగుల్లో నాలుగో అంచెలో ఉంది, డబ్బుల ఇక్కట్లలో మునిగిన క్లబ్బు. ప్రపంచకప్‌లో రెండు గోల్స్ కొట్టినవాడు బూత్‌ఫెర్రీ పార్క్ మైదానంలో ఆ స్థాయి లీగ్ ఆడుతుంటే చూడ్డానికి వచ్చిన హల్ అభిమానులు అదృష్టవంతులు. తర్వాత లివింగ్‌స్టన్, ట్రాన్‌మియర్ క్లబ్బులు. ఆ మ్యాచ్‌లు కూడా ఇలా పూర్తిగా దొరికితే డబ్బిచ్చి మరీ కొంటాను. కోచ్‌గా అతను జమైకాకు 2010 కరీబియన్ కప్ గెలిపించాడు. 2017 గోల్డ్ కప్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల టోర్నీ) సెమీస్‌లో మెక్సికోను 1-0తో ఓడించి, ఫైనల్‌లో అమెరికా చేతిలో 2-1తో ఓడిన జట్టుకూ అతనే కోచ్.

మూడు మ్యాచ్‌లూ చూసే ఓపిక ఉంటే ముందు క్రొయేషియాది చూడండి. జమైకా ఆటగాడు రాబీ ఎర్ల్ తలతో గోల్ కొట్టి 1-1 చేసిన మొదటి సగం చాలా బాగుంటుంది. అర్జెంటీనా మ్యాచ్‌లో జమైకా ఆటగాడు డారిల్ పవెల్‌కు రెడ్ కార్డు పడేదాకా చూస్తే చాలు, ఆ తర్వాత పదిమందితో మిడ్‌ఫీల్డ్ గురించి నేర్చుకునేదేమీ మిగలదు. జపాన్ మ్యాచ్ మాత్రం మొదటి విజిల్ నుంచి చూడండి. పిల్లలకు చూపించేవాళ్లు రెండు సగాలను రెండు రోజులకు పంచుకోండి, ఒక్కసారే కూర్చోబెడితే 54వ నిమిషం తర్వాత వాళ్ల దృష్టి నిలవదు.