కాలిన మచ్చలకు పిల్లలు వేసుకునే ప్రెషర్ గార్మెంట్: ఒక తల్లి సమీక్ష

మరుగుతున్న రసం మీద పడి మా పాపకు కుడి చేయి, చంక, ఛాతీలో కొంత భాగం కాలాయి. స్కిన్ గ్రాఫ్టింగ్ (ఒంట్లో మరోచోటి చర్మం తీసి అతికించడం) చేసిన చోట పుండ్లు పూర్తిగా మానాక సర్జన్ రాసిచ్చినది ఈ ప్రెషర్ గార్మెంట్. కుట్టి ఇచ్చిన దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

పిల్ల కొలతలకు సాగే గుడ్డతో ఒంటికి బిగుతుగా కుట్టే చొక్కా ఇది. మచ్చ ఉబ్బి గట్టిపడకుండా అదిమి ఉంచడమే దీని పని కనుక, స్నానానికీ మర్దనకూ తప్ప రోజుకు దాదాపు 23 గంటలు, మచ్చ మెత్తబడి ఎరుపు తగ్గేదాకా, అంటే సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల వరకు వేసుకోవాలి. మా పాపకు మచ్చ దళసరి తగ్గింది, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని దురద కూడా తగ్గింది. అయితే ఇందులో గార్మెంట్ వాటా ఎంతో, దాని కింద వాడిన సిలికాన్ షీటు (మచ్చ మీద అంటించే మెత్తని పలుచటి పొర) వాటా ఎంతో విడదీసి చెప్పలేను. చర్మం రంగులో తేడా మాత్రం పోలేదు. పోతుందని చెప్పి అమ్మేవారిని నమ్మకండి.

మొదటి జతలో చంక దగ్గర కుట్టు లోపలివైపు వచ్చి, లేత చర్మం ఒరుసుకుపోయి బొబ్బలెక్కింది. దుకాణం వారు మార్చి ఇచ్చారు కానీ, దానికి మళ్లీ డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు. రెండో జతకు కుట్లు బయటికి వేయించి, జిప్పుకు చిన్న రిబ్బను కట్టించాక పాప తనంతట తానే వేసుకోవడం మొదలుపెట్టింది. హైదరాబాద్ ఎండల్లో చెమటకాయలు తప్పవు కాబట్టి, ఒకటి ఉతికి ఆరేసేలోగా వేయడానికి రెండోది ఉండాల్సిందే. పిల్లలు ఎదుగుతారు, ఎలాస్టిక్ సాగిపోతుంది. రెండు మూడు నెలలకొకసారి కొత్త కొలతలు తప్పవు. వదులైన గార్మెంట్ ఉన్నా లేనట్టే; వేళ్లు చల్లబడినా తిమ్మిరెక్కినా మరీ బిగుతైందని అర్థం.

ఒళ్లు ఎదిగినంతగా మచ్చ సాగదు. చంక ముడుచుకుపోకుండా కాపాడినది మాకు ప్రధానంగా ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు, రాత్రి కట్టిన స్ప్లింటు (చేయి ముడుచుకోకుండా చాచి ఉంచే గట్టి ఆధారం). అయినా ఎదిగే వయసులో మరో ఆపరేషన్ అవసరం కావచ్చని సర్జన్ ముందే చెప్పారు.

అందుకే ఈ వస్తువును మచ్చ నునుపును బట్టి కాక, పాప చెయ్యెత్తి జడ వేసుకోగలుగుతోందా, బడిలో ఆటల పీరియడ్‌కు వెళుతోందా అన్నదాన్ని బట్టి తూచాను. శరీరంలో 70 శాతం, అంతకు మించి కాలి బతికిన పిల్లలను ఏళ్ల తర్వాత పరిశీలించి 2000లో అమెరికా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలోనూ, ఎక్కువమంది జీవితం సంతృప్తికరంగానే ఉందని, కుటుంబం అండ, రోజువారీ పనుల్లోకి త్వరగా తిరిగి రావడం అందుకు తోడ్పడ్డాయని తేలింది. గార్మెంట్ వేసే ముందే టీచరుతో మాట్లాడి, తోటి పిల్లలకు అదేమిటో చెప్పించడం మాకు బాగా పనికొచ్చింది.

వైద్యుడు రాస్తే తప్పక తీసుకోండి. ఏడాదికి సరిపడా ఒకేసారి కుట్టించకండి, మార్పులకు అదనంగా వసూలు చేస్తారో లేదో ముందే అడగండి, రంగు మాత్రం పిల్లలనే ఎంచుకోనివ్వండి.