మా ఊరి శాఖా గ్రంథాలయం: ఏడాదిన్నర వాడాక రాస్తున్న రివ్యూ

ఊరి పేరు రాయడం లేదు, తెనాలి చుట్టుపక్కల ఒక చిన్న టౌను అనుకోండి చాలు. లోపాలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఆ మాటలు అక్కడ ఒంటిచేత్తో అంతా చూసుకునే లైబ్రరీ మేడం మీదకి పోకూడదు, అందుకే.

ముందు నేను ఎందుకు వెళ్లానో చెప్పాలి. రెండేళ్ల కిందట ఏడాదికి 50 పుస్తకాలు చదవాలని పెట్టుకుని, ఫోన్‌లోనూ బస్సులోనూ ఆఫీసులో లంచ్ టైములోనూ చదివి 43 దాకా లాగాను. డిసెంబర్‌లో మా చెల్లి ఆ లిస్టు చూసి, "ఇది ఎలా ఉందక్కా, నేనూ చదవనా?" అని ఒక పుస్తకం చూపిస్తే దాని గురించి రెండు ముక్కలు చెప్పలేకపోయాను. చాలా బాధేసింది. చదవడం నాకు ఇష్టమే, కానీ చదివింది నాలో ఎక్కడా నిలవట్లేదు. అప్పుడే అనుకున్నాను, ఇక నుంచి నెలకు ఒకటే పుస్తకం, నోటుబుక్కు పక్కన పెట్టుకుని చదవాలి, దాంట్లో ఉన్న విషయం మా ఊళ్లో ఎక్కడుందో ఒక్కటైనా వెళ్లి చూసి రావాలి అని. ఆ పుస్తకాల కోసమే లైబ్రరీలో అడుగుపెట్టాను. ఆధార్ జిరాక్స్, ఒక ఫోటో, కొద్దిగా డిపాజిట్, పది నిమిషాల పని. మెంబర్‌షిప్ మానేస్తే ఆ డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు.

లోపల ఏముంటుందంటే, ఒక పెద్ద గది, నాలుగు ఫ్యాన్లు, అందులో మూడు తిరుగుతాయి. గోడల వెంట ఇనుప బీరువాలు. మధ్యలో పొడుగాటి బల్ల మీద పేపర్లు. ఓ మూల పోటీ పరీక్షలకు ప్రిపేరయ్యే పిల్లలు, వాళ్ల పుస్తకాలు వాళ్లవే, కావలసింది కుర్చీ, నిశ్శబ్దం. ఇంట్లో చదువుకోడానికి చోటు లేని పిల్లలకు ఈ గది ఎంత అవసరమో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

నా లెక్కలో అసలు లైబ్రరీ ఆ పేపర్ల బల్లే. ఇంట్లో పేపర్ వేయించుకునేవాళ్లు కూడా ఒకసారి పొద్దున్న 8 గంటలకు వెళ్లి చూడండి. తలుపులు తీయగానే రిటైరైన ఒక మాస్టారు వచ్చి జిల్లా ఎడిషన్ తీసుకుంటారు. మెయిన్ పేపర్‌ను షీటుకొకరు పంచుకుంటారు, చదివిన షీటు కుడిచేతి వైపు జరుపుతారు, ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు. ఎనిమిదింబావు ప్రాంతంలో ఒక తాపీమేస్త్రీ సైకిల్ బయట పెట్టి గుమ్మంలోనే నిలబడి, "ఇసుక గురించి ఏమన్నా రాశాడా మాస్టారూ?" అని అడుగుతాడు. ఆయన వెతికి, ఉంటే ఆ వార్త మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుతారు. మేస్త్రీ రెండు ప్రశ్నలు అడిగి పనికి వెళ్లిపోతాడు. నేను మొదటిసారి చూసిన రోజున ఆఫీసుకు లేటైనా సరే అక్కడే కూర్చుండిపోయాను. ఈ ఊళ్లో పుట్టి పెరిగాను కానీ, ఇసుక రీచ్, అంటే ఏట్లో ఇసుక తవ్వే చోటు, మూతపడితే ఎన్ని ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం పడుతుందో అంతకుముందు నాకు తట్టలేదు. ఇప్పుడు నేను కూడా జిల్లా ఎడిషన్‌తోనే మొదలుపెడతాను.

నా మొదటి పుస్తకం మన డెల్టా నీళ్ల గురించి రాసిన పాత పుస్తకం. అట్ట ఊడి, చివరి పేజీకి అంటించిన తేదీల చీటీ మీద ఊదారంగు ముద్రలు. ఆఖరి ముద్ర 2009. అంటే అప్పటి నుంచి నా చేతికి వచ్చేదాకా ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. లోపల ఎవరో పెన్సిల్‌తో మార్జిన్లలో సన్నగా రాసుకున్నారు, ఒకచోట "మా పొలం ఈ కాలవ కిందే" అని ఉంది. ఆ మాట చూశాక పుస్తకం మీద నాకు వేరే ఇష్టం ఏర్పడింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1855కి పూర్తయిందని, 1952లో దానికి గండి పడిందని, ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చిందని నోటుబుక్కులో రాసుకుని, ఆ ఆదివారం దుగ్గిరాల లాకుల (కాలవ నీళ్లను ఆపి వదిలే గేట్లు) దగ్గరికి వెళ్లాను. ఎన్నోసార్లు బస్సులో దాటిన చోటే. దిగి నిలబడి, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు చీలుతున్నాయో చూడటం మాత్రం అదే మొదటిసారి.

తర్వాత వారం మాస్టారికి ఈ సంగతి చెబితే, ఆయన ఆ కాలవల మీద ఒకప్పుడు పడవలో లైబ్రరీ నడిచిందని చెప్పారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరికీ తిప్పించారు. ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి వెళితే, 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి చొరవతో బెజవాడలో గ్రంథాలయ సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం అనే గ్రంథాలయం మాకు ఎంతో దూరం కాదు, దాని భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు, పాత పత్రికలు చూసుకోవడానికి ఇవాళ్టికీ దేశవిదేశాల నుంచి పరిశోధకులు వస్తారు. అటు హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901 నాటిది. వీటిని పెట్టినవాళ్లకు పుస్తకం చదవడం, ఊరి సంగతి పట్టించుకోవడం రెండు వేరు వేరు పనులు కావు. నేను నా కోసం పెట్టుకున్న రూలు వాళ్లు వందేళ్ల కిందటే ఊళ్లకు ఊళ్లకే పెట్టారు కదా అనిపించి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు ఆదివారాలు ఆరుగురం కలుస్తున్నాం. నేను, చెల్లి, మాస్టారు, ఇద్దరు పోటీ పరీక్షల పిల్లలు, ఒక టైలర్ అక్క. నెలకు ఒక పుస్తకం, తలా ఒక అధ్యాయం. నాలుగో ఆదివారం ఏదో ఒకటి చూడటానికి వెళతాం. మంచినీళ్ల గురించి చదివిన నెలలో పర్మిషన్ అడిగి నీళ్లు వడగట్టే ఫిల్టర్ బెడ్లు, సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు అనే చెరువు చూశాం. వేసవిలో కాలవలు కట్టేశాక మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతా తాగేది ఆ చెరువులో నిలవ చేసిన నీళ్లేనని అక్కడి ఆపరేటర్ గట్టు మీద నిలబెట్టి చూపించారు. టైలర్ అక్క, "మా వీధిలో పైపు దగ్గర ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, అది ఈ నీళ్లేనా అన్నయ్యా?" అని అడిగింది. మర్నాడు ఆమే మా ఊరి సచివాలయంలో అర్జీ పెట్టింది. అర్జీ రాయడం ఆమెకు అది మొదటిసారి, ఎవరినీ రాసిపెట్టమని అడగలేదు. మూడో వారానికి పైపు బాగుచేశారు.

ఇక ఇబ్బందులు. కొత్త తెలుగు పుస్తకాలు దాదాపు లేవు, గత నాలుగైదేళ్లలో అచ్చయినవి నాకు రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కనబడ్డాయి. బీరువాలకు తాళాలు, అడిగితేనే తీస్తారు, ఏం ఉందో తెలియకుండా ఏమని అడుగుతాం? రిజిస్టర్‌లో వెతకాలంటే ఓపిక ఉండాలి. టైమింగ్స్ పొద్దున్న 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు సాయంత్రం మిగిలేది అరగంట. అన్నిటికంటే పెద్ద సమస్య బాత్రూమ్. నేను చేరినప్పటి నుంచి దానికి తాళమే. ఆడవాళ్లు ఎందుకు తక్కువ వస్తారని ఎవరైనా అడిగితే ముందు ఆ తాళం చూపిస్తాను. పరీక్షలకు చదివే అమ్మాయిలు నీళ్లు తాగకుండా మూడు గంటలు కూర్చుంటున్నారు, ఇది చిన్న విషయం కాదు.

"ఫ్రీ సర్వీసు కదా, సర్దుకోవాలి" అంటారు కొందరు. ఫ్రీ కాదండీ. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్ ఉంటుంది, 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసేది. పన్ను 2,400 అయితే 192 రూపాయలు అన్నమాట. మీ పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. లైబ్రరీ గుమ్మం తొక్కనివాళ్లు కూడా ప్రతి ఏడాదీ కడుతున్నారు. కాబట్టి కొత్త పుస్తకాలు అడగడం, బాత్రూమ్ తాళం తీయమనడం మన హక్కు. మేము కావలసిన పుస్తకాల లిస్టు ఒకటి తయారుచేసి, బాత్రూమ్ సంగతి కూడా రాసి, 61 మంది సంతకాలతో పైకి పంపించాం. మొదటి సంతకం మాస్టారిది, రెండోది తాపీమేస్త్రీది. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ పంపిస్తాం.

రేటింగ్ అడిగితే, పేపర్ల బల్లకు, మేడం ఓపికకు 5కి 5. పుస్తకాలకు 2. బాత్రూమ్‌కు సున్నా.

వెళ్లాలనుకునేవాళ్లకు, శుక్రవారం సెలవు. పొద్దున్నే వెళ్లండి, ఎనిమిదింబావుకు ముందైతే ఇంకా మంచిది. నీళ్ల పుస్తకం ఎడమవైపు మూడో బీరువాలో కింది అరలో ఉంటుంది. తేదీల చీటీలో 2009 కింద ఇప్పుడు నాలుగు కొత్త ముద్రలున్నాయి, ఆఖరిది టైలర్ అక్క కూతురిది.