సెకండ్ హ్యాండ్ హోండా సిటీ, వ్యాగన్ ఆర్: రెండింటినీ ఏళ్ళ తరబడి నడిపాక

పాత కారు కొనాలని హైదరాబాద్‌లో నాలుగు చోట్ల తిరిగిన వారికెవరికైనా ఒక విషయం వెంటనే అర్థమవుతుంది. కాస్త కొత్త మోడల్ చిన్న కారుకు పెట్టే సొమ్ముతోనే కాస్త పాత మోడల్ సెడాన్ (వెనక విడిగా డిక్కీ ఉండే పొడవాటి కారు) కూడా వచ్చేస్తుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నాది 2017 మోడల్ హోండా సిటీ పెట్రోల్ మాన్యువల్, తమ్ముడిది 2019 మోడల్ మారుతి వ్యాగన్ ఆర్ 1.2 లీటర్. రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే, వాటికి పెట్టిన డబ్బులోనూ పెద్ద తేడా లేదు. అవసరాన్ని బట్టి ఇద్దరం రెండింటినీ నడుపుతుంటాం కనుక, ఏది ఎవరికి సరిపోతుందో కొంత నమ్మకంగానే చెప్పగలను.

ముందుగా డబ్బు సంగతి. కొనేవాళ్ళు ఎక్కువగా ఎస్‌యూవీల వైపు మళ్ళడంతో సెడాన్ల రీసేల్ ధర త్వరగా పడిపోయింది, చిన్న కార్లకు మాత్రం గిరాకీ అలాగే ఉంది. అయితే సెడాన్ విషయంలో తగ్గేది కారు ధర ఒక్కటే. హెడ్‌లైట్ పగిలినా, షాక్ అబ్జార్బర్లు మార్చవలసి వచ్చినా, నాలుగు టైర్లు కొనవలసి వచ్చినా, కారు ఎంత పాతదైనా సరే, బిల్లు ఆ తరగతి కారుకు పడే బిల్లే. సిటీ సస్పెన్షన్ పనికి నేను ఒకసారి కట్టిన మొత్తంతో తమ్ముడి బండికి సర్వీసులు చాలానే అయిపోయేవి. ఇంజిన్ సీసీని బట్టి కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో (ప్రమాదంలో అవతలివారికి జరిగే నష్టానికి చేసేది) మాత్రం తేడా లేదు. 1497 సీసీ సిటీ, 1197 సీసీ వ్యాగన్ ఆర్ రెండూ 1000 నుంచి 1500 సీసీ వర్గంలోకే వస్తాయి. పెట్రోల్ విషయానికి వస్తే, మలక్‌పేట నుంచి మెహదీపట్నం మీదుగా గచ్చిబౌలి వెళ్ళే ఆఫీసు వేళల రద్దీలో సిటీ లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లకు మించి ఇవ్వదు, వ్యాగన్ ఆర్ పద్నాలుగు దాకా ఇస్తుంది. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ కనుక, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక రెండింటి మైలేజీ కొంత తగ్గింది.

సిటీ తన విలువ చూపించేది పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ హైవే ఎక్కిన తరువాతనే. సుమారు 119 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్‌తో లారీలను దాటడానికి గేరు పదే పదే మార్చనక్కర లేదు. వెనక వెడల్పాటి సీటు, వెనక వాళ్ళకు విడిగా ఏసీ వెంట్లు ఉండటంతో మే నెల మధ్యాహ్నం సూర్యాపేట చేరేసరికి కూడా ఎవరూ వడిలిపోరు. పండుగకు ఊరెళ్ళి వస్తూ బియ్యం బస్తా, పిండివంటల డబ్బాలు, అందరి బ్యాగులు 510 లీటర్ల డిక్కీలో సర్దేస్తే, సీట్లలో మనుషులు మాత్రమే కూర్చుంటారు. వ్యాగన్ ఆర్ కూడా హైవే మీద వెళ్ళలేనిది కాదు. కానీ ఎత్తుగా, తేలికగా ఉండే బండి కనుక, ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద బస్సు పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడు గాలికి కదిలినట్టు స్టీరింగ్‌లో తెలుస్తుంది. భద్రత సంగతి అంతకంటే ముఖ్యం. కార్లను ఢీకొట్టించి చూసి ఐదు స్టార్ల దాకా ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ తరం సిటీకి నాలుగు స్టార్లు వచ్చాయి, 2019 వ్యాగన్ ఆర్‌కు రెండే వచ్చాయి. తరచుగా పిల్లలతో హైవే మీద తిరిగేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంత చెప్పాక కూడా మా అమ్మ వ్యాగన్ ఆరే కావాలంటుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. సిటీ ఎత్తు 1495 మిల్లీమీటర్లు, వ్యాగన్ ఆర్ ఎత్తు 1675. సిటీలో కూర్చోవాలంటే ఆవిడ ముందు తలుపు అంచు పట్టుకొని, నడుము వంచి, సీటు మీదికి దిగి, ఆ తరువాత ఒక్కొక్క కాలూ చేత్తో లోపలికి తీసుకోవాలి. దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. వ్యాగన్ ఆర్‌లో కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి తిరిగి కూర్చుంటుంది, దిగేటప్పుడు తనంతట తానే దిగుతుంది. సెడాన్ అంటే పెద్దవాళ్ళకు సుఖం అనే మాట కూర్చున్న తరువాతి సంగతి మాత్రమే. అందుకే టెస్ట్ డ్రైవ్‌కు మెకానిక్‌ను తీసుకెళ్ళినట్టే ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకెళ్ళి, రెండు మూడు సార్లు ఎక్కించి దింపి చూడండి.

సందుల్లో కూడా చిన్న కారుదే పైచేయి. రెండింటి పొడవులో తేడా 785 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాల మధ్య తిప్పేటప్పుడు ఆ తేడా రోజూ తెలుస్తుంది. ఐదుగురు కూర్చుంటే కాలనీల్లో ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకర్లకు సిటీ అడుగు భాగం తగులుతుంది, ఏటవాలుగా ఎక్కించక తప్పదు. సొంత పార్కింగ్ లేనివారికి, నెలకు ఒకసారైనా ఊరి ప్రయాణం లేనివారికి నేను సెడాన్ కొనమని చెప్పను.

చిన్న కారు కొనేవారు మరొకటి చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధరే దిగివచ్చినప్పుడు, పాత బండికి అమ్మేవారు చెప్పే ధరను ఇప్పటి షోరూం ధరతోనే పోల్చి బేరమాడాలి.

ఏ కారైనా, 2020 అక్టోబర్ వరదల్లో మన నగరంలో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుపెట్టుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగి, లోపలి భాగంలో బురద మరక ఉందేమో చూడాలి. స్టెప్నీ కింద గుంట, సీట్ల కింది పట్టాలు తుప్పు పట్టి ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయాలి. పెండింగ్ చలానాలు తీరాయో లేదో పోలీసుల ఈ-చలానా సైట్‌లో చూడవచ్చు. లోన్ తీరిపోయిందని అమ్మేవారు చెప్పినా ఆర్‌సీలో హైపోథికేషన్ (కారు అప్పు కింద తాకట్టులో ఉందన్న నమోదు) అలాగే ఉండిపోవడం మామూలే కనుక, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆ నమోదు తీసేయించే ఫారం 35 చేతికి వచ్చి, కారును మీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పూర్తయ్యేదాకా చివరి విడత డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.